పిలిస్తే పలికే పేరు

పేరు అడిగితే మనిషికి చెమట పడుతుందా? నవంబరు చలిలో కూడా పడుతుందని మత్తయ్యకు ఈ సాయంత్రమే తెలిసింది. తెలిసిన చోటు వికారాబాద్ రైల్వే స్టేషన్ పక్కన ఒక ఇరుకు గది. అతను కూర్చున్నది గోడకు ఆనించిన బల్ల, ఎదురుగా మేజా, మేజా మీద అతని ఆధార్ కార్డు, అది గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఒక గాజు గ్లాసు. రైలు దిగేదాకా ఎంత కులాసాగా ఉన్నాడు, భుజాన ఆంప్లిఫయర్ సంచి, చేతిలో బిడ్డ కోసం కట్టించిన జాతర మిఠాయి, జాతరలో అరిచి అరిచి మూడొంతులు పోగా మిగిలిన ఒక వంతు గొంతు. గేటు దగ్గర ఒక లాఠీ అడ్డంగా వచ్చింది, కొట్టడానికి కాదు, రైలు వచ్చేముందు రోడ్డు గేటు దిగినట్టు మెల్లగా, మర్యాదగా. పేరేంది అన్నారు, మత్తయ్య అన్నాడు. కార్డు అన్నారు, తీసి ఇచ్చాడు. కార్డులో మత్తయ్య లేడు, కుమారస్వామి ఉన్నాడు. పోలీసు పనే పోలిక చూడటం. మొహం పోలింది, పేరు పోలలేదు. సంచి విప్పమన్నారు. సంచిలో ఒక బ్యాటరీ, చుట్టలు చుట్టలుగా వైర్లు, ఒక హారను, స్విచ్చి ఉన్న ఒక మైకు. తన జీవితంలో మొదటిసారి మత్తయ్య తన సరంజామాను ఇంకొకడి కళ్లతో చూశాడు, చూసి తనకే భయమేసింది. నడువు అన్నారు. నడిచాడు. ఎందుకు అని అడగలేదు. ఎందుకు అని అడగలేదెందుకు అన్నది అప్పటి నుంచి గొంతులో చేపముల్లులా ఉంది, మింగుడు పడదు, కక్కరాదు.

వీళ్లు రైల్వే పోలీసులో, ఊరి పోలీసులో కూడా తెలియదు. ఖాకీకి ఊరుండదు. మేజా వెనక కూర్చున్న ఎస్సైకి పేరుండాలి గానీ, చలికి వేసుకున్న నల్ల జర్కిన్ జిప్పు మెడదాకా పైకి లాగి ఉంది, లోపల ఎద మీద ఉండాల్సిన పేరుపలక జర్కిన్ కింద వెచ్చగా నిద్రపోతోంది. పేరు కనపడనివాడు రెండు పేర్లవాణ్ణి పట్టుకున్నాడు అని మత్తయ్య మనసులో ఒక మాట మెరిసింది. ఇంకో రోజైతే ఆ మాటను మైకులో వదిలి తాండూరు బస్టాండంతా నవ్వించేవాడు. నవ్వించడమే అతని కూడు. ఆటోకు హారను కట్టుకుని బట్టల దుకాణం తెరిస్తే చీరల గురించీ, ఎలక్షన్లొస్తే చీలికల గురించీ, ఎవరైనా పోతే పోయినవాళ్ల గురించీ చెప్పుకుంటూ గల్లీ గల్లీ తిరుగుతాడు. కంది కొనేవాళ్లకు కంది అరుపు, నాపరాయి అమ్మేవాళ్లకు నాపరాయి అరుపు, "మా బండ మీద కాలు జారదు, మా ధర విన్నాక మీ నోరు జారదు" అని అరిస్తే పిల్లలు ఆటో వెంట పరుగెత్తుతారు. అలాంటి నోరు ఇప్పుడు తాళం వేసిన షట్టరు. ఆంప్లిఫయర్ మనిషి మాటను పెద్దది చేస్తుంది, ఈ గది మనిషినే చిన్నది చేస్తుంది. బల్ల మీద కూర్చుంటే కాళ్లు నేలకు అందడం లేదేమో అనిపించి కిందికి చూసుకున్నాడు. అందుతున్నాయి.

తప్పంతా ధారూర్‌దే, కాదు, ధారూర్‌లో తన అలవాటుది. ఏటా నవంబరులో ధారూర్ క్రైస్తవ జాతరకు పోతాడు, అడవి అంచున మైదానమంతా డేరాలు, కట్టెల పొగ, పాటలు, కర్ణాటక దిక్కు నుంచి వచ్చే కుటుంబాల కన్నడం, నేల ఈనినట్టు జనం. అక్కడ మత్తయ్యది ఒకటే పని, తప్పిపోయినవాళ్లను మైకులో పిలవడం. ఆ పనిలో అతనికొక పద్ధతి ఉంది. ఏడుస్తున్న పిల్లను తెచ్చి నిలబెడితే అందరూ ముందు పేరడుగుతారు, పిల్ల బడిలో నేర్పిన పేరు అప్పజెప్తుంది, ఆ పేరు మైకులో ఎంతసేపు అరిచినా ఏ తల్లీ తిరిగి చూడదు. మత్తయ్య పేరడగడు. మొదట నోట్లో ఒక మిఠాయి ముక్క పెట్టి, ముక్కు తుడిచి, "ఇంట్ల నిన్ను ఏమని పిలుస్తరు?" అంటాడు. బుజ్జి, చిట్టి, నల్లోడు, సోని, ఏదో ఒకటి వస్తుంది, అది మైకులో పడ్డ మరుక్షణం జనం మధ్యలో ఎక్కడో ఒక చీరకొంగు ఎగురుతుంది, తల్లి కాళ్లు తల్లికంటే ముందు పరుగెత్తుతాయి. కాయితం పేరుకు కళ్లు తిరుగుతాయి, ఇంటి పిలుపుకు కాళ్లు తిరుగుతాయి అని చూసేవాళ్లకు చెబుతుంటాడు. అదే జాతరలో, పొద్దున లేస్తే మత్తయ్యన్నా, రాత్రి పడుకుంటే మత్తయ్యన్నా, పాస్టరు మత్తయ్యా, చాయ్ పోసేవాడు మత్తయ్యా. ఆ పేరులో మునిగి తేలి, ఇంకా తడి ఆరకముందే రైలెక్కాడు. గేటు దగ్గర పేరేంది అంటే నోట్లో ఆ తడి పేరే ఉంది. ఇంకో రోజైతే జాగ్రత్తగా కుమారస్వామి అనేవాడు. బ్యాంకులో అంటాడు, రేషన్ దుకాణంలో అంటాడు, అనేముందు లోపల ఒకసారి సర్దుకుంటాడు, పెళ్లికి వెళ్లేవాడు జేబురుమాలు సర్దుకున్నట్టు. ఇవాళ సర్దుకోలేదు.

కుమారస్వామిని పుట్టించింది అమ్మ కాదు, యాలాల్ దగ్గర ఊళ్లో బడి పంతులు. మంచాయన. నాయిన చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయిన రోజు, పేరు మత్తయ్య అని నాయిన చెప్తే, పంతులు కలం ఎత్తిపట్టి, గిట్ల రాస్తే పిల్లగానికి హాస్టలు రాదు, ఎస్సీ సర్టిఫికెట్ రాదు, బాప్తిస్మం తీసుకున్నోళ్లకు అది చెల్లదని రూలున్నది, సోంచాయించుకో అన్నాడట. నాయిన సోంచాయించుకోలేదు, పంతులు మొహమే చూశాడు. పంతులు తన ఇంటి గోడ మీద ఉన్న దేవుళ్లలో ఒకణ్ణి తీసి పిల్లవాడి నెత్తిన పెట్టాడు. అలా ఒకే అంగీలో ఇద్దరు పెరిగారు. మత్తయ్య గుడికి, అంటే చర్చికి, పోయాడు, కుమారస్వామి హాస్టల్లో అన్నం తిన్నాడు. దేవుడు మారితే సర్టిఫికెట్ మారాలని రాసినవాళ్లు, దేవుడు మారితే ఇంకేం మారిందో వచ్చి చూడలేదు. వాడ మారలేదు. ఊరి హోటల్లో వాడవాళ్ల కోసం చూరుకు దోపిన గ్లాసు మారలేదు, ఏసయ్య పేరు చెప్పినా ఆ గ్లాసులోనే పోశారు, ఎవరి గ్లాసు వాళ్లే కడుక్కోవాలన్నారు. అందరికీ తెలుసు, వాడలో ఇంటికి రెండేసి పేర్లు, ఎవరూ అబద్ధం అనుకోలేదు, వానకు గొడుగు అబద్ధమా. తనకు బిడ్డ పుడితే, ఈసారి ఏ పంతులూ అవసరం లేకుండా, తనే రెండు పేర్లు పెట్టుకున్నాడు. ఇంట్లో మార్త. కాయితాల్లో రచన. రచన అంటే రాసింది అని అర్థం, రాసిందే కదా బిడ్డా నీ రాత అని ఎన్నిసార్లు నవ్వించాడో. ఆ పిల్ల చదివి చదివి కొలువు కొట్టింది. రేపు పొద్దున ఇదే వికారాబాద్‌లో సర్టిఫికెట్లు చూస్తారు. అందులో ఎస్సీ సర్టిఫికెట్ మీద తండ్రి పేరు కుమారస్వామి. రేపు ఆమె ఆ సర్టిఫికెట్ ఇచ్చే సమయానికి, ఇవాళ ఇక్కడ ఎవరో ఒక మాట రాస్తే, మత్తయ్య అనే క్రైస్తవుడు అని ఒక్క ముక్క రాస్తే, అది ఎంత దూరం నడుస్తుంది? ఇక్కడి నుంచి కలెక్టరాఫీసుకు ఆటోలో ఎంతసేపు?

రాయకుండా ఉండాలంటే ఏం చెప్పాలి. మత్తయ్య అనేది ముద్దుపేరు సార్ అనాలా? మీసాలు నెరిసినవాడికి ముద్దుపేరేమిటి. దోస్తు పేరు చెప్పిన సార్ అంటే, పోలీసుకు వేరేవాడి పేరు చెప్పినందుకు అది ఇంకో కేసు. నిజం చెబితే కేసు ఉండదేమో, కొలువు ఉండదు. రెండూ రాస్తే మధ్యలో ఒక అలియాస్ వస్తుంది. పేపర్లో దొంగల ఫోటో కింద చూశాడు ఆ మాటను, అలుసైనవాడి ఇంటిపేరు అలియాస్. విడిపించడానికి ఎవరు వస్తారు, జమీను లేనివాడికి జామీను ఎవరిస్తారు. మాటలు వాటంతటవి జంటలు కట్టుకుంటున్నాయి, అలవాటు పోదు, కానీ జంట కట్టిన ప్రతి మాటా బేడీల జతలా టక్కున పడుతోంది.

మార్త చెప్పింది కదా ఇవన్నీ. పోయిన ఎండాకాలం, పొయ్యి దగ్గర జొన్న రొట్టెలు కొడుతూ, పరీక్ష కోసం చదివింది చదివినట్టు తండ్రికి వినిపించేది. తప్... తప్... రొట్టె తిరుగుతుంటే చట్టం తిరిగేది. నాయినా, పోలీసులు ఆపితే ఉరకకు, గట్టిగ మాట్లాడకు, కానీ ఎందుకు ఆపిన్రు సార్ అని అడుగు, అడిగే హక్కున్నది. తొవ్వల నడిచేటోడు కార్డు జేబుల పెట్టుకోనే నడవాలె అని ఏ రూలూ లేదు. బండి నడిపితే లైసెన్సు చూపియ్యాలె, అది వేరే. ఫోన్ అడిగితే ఎందుకని అడుగు, ఊకనే చేతిల పెట్టకు. ఠాణాకు నడువమంటే ఇంట్లకు చెప్త అను. పట్టుకునేటోని పేరు నీకు కనపడాలె, అది వాళ్ల మీదున్న రూలు. ఇవన్నీ యాదికుంటే నేనే ఎస్సై అయ్యేటోణ్ణి బిడ్డా అని అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఒక్కటి మాత్రం యాదికుంచుకో, పేరు అడిగితే నిజం పేరు చెప్పాలె, అబద్ధం చెప్తే గదే పట్టుకోని కేసు పెడ్తరు అంది. అప్పుడు అతను, మామూలుగా నవ్వించడానికే, "ఏ పేరు బిడ్డా?" అన్నాడు. తప్ తప్ ఆగింది. పొయ్యి మీది రొట్టె మాడిన వాసన ఇల్లంతా నిండేదాకా మార్త తన చేతుల పిండినే చూస్తూ ఉండిపోయింది. ఆ మాడు వాసన ఇప్పుడీ గదిలో ఉంది. లేదు, అది బయట ఎవరో చెత్త కాలుస్తున్న వాసన. హక్కు ఉంది, కానీ అది అక్కున చేర్చుకోదు, గొంతులో చిక్కుకుంటుంది. ఫోన్ ఎందుకని అడగాలని గుర్తొచ్చేసరికి ఫోన్ అప్పటికే మేజా మీద ఉంది.

గేటు దగ్గర అతనితో పాటు ఇంకొకతన్ని కూడా ఆపారు, తెల్ల చొక్కా, మెడలో గొలుసు, చేతిలో ఇంతకంటే పెద్ద సంచి. కార్డు ఇంట్లో ఉందన్నాడు. ఏ ఊరంటే ఊరి పేరూ, దాంతో ఇంటి పేరూ చెప్పాడు. కానిస్టేబులు లాఠీ దించేసి, గట్లనా పటేలా, ముందుగాల చెప్పొద్దా, పోండ్రి అన్నాడు. అతని సంచి విప్పలేదు. కొందరి పేరే కార్డు. అతను పోతూ పోతూ మత్తయ్య వైపు చూసిన చూపు జాలిదే, జాలి కాబట్టే ఎక్కువ గుచ్చుకుంది.

ఎస్సై ఇంతవరకూ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండు, అరుపుల సంగతి మత్తయ్యకు తెలుసు. మెత్తగా మాట్లాడేవాడితో ఏం చెయ్యాలో తెలియదు. రెండు టీలు తెప్పించి ఒకటి ఇటు జరిపాడు. "టీ తాగు మత్తయ్యా," అన్నాడు. తాగాడు. కాసేపాగి అదే గొంతుతో, "చక్కెర సరిపోయిందా కుమారస్వామీ?" అన్నాడు. సరిపోయింది సార్ అన్నాడు. రెండు పేర్లకూ జవాబు చెప్పానని ఆ తర్వాత తెలిసి, నోట్లో టీ చేదైంది.

"పై నుంచి చెప్పిన్రు, చూస్తున్నం. నాకేం నీ మీద పగ లేదు," అన్నాడు ఎస్సై కార్డును గ్లాసు కింద అటూ ఇటూ జరుపుతూ. "యాలాల్ దిక్కు మీ ఊరికి ఫోన్ చేపిచ్చిన. ఎవరో ఒకరు చెప్తరు నువ్వెవరో."

ఎవరో ఒకరు. ఊళ్లో ఎవరు ఎత్తుతారు ఆ ఫోను? వాడలోవాళ్లు ఎత్తితే బతికాడు, కుమారస్వామే సార్ అని కళ్లు మూసుకుని చెప్తారు. ఊరి నడిమధ్య ఇళ్లవాళ్లు ఎత్తితే? మొన్న మార్తకు కొలువొచ్చిందని మిఠాయి పంచితే, మంచిదే, మరి ఏ కోటాల కొట్టింది అని నవ్వుతూ అడిగిన మొహాలు ఒక్కొక్కటే కళ్ల ముందుకొచ్చాయి. వాళ్లలో ఎవరు చెడ్డవాళ్లు? ఒక్కరూ కాదు. నిజమే చెప్తారు, మత్తయ్యనా సార్, చర్చి మత్తయ్య, ధారూర్ జాతరల మైకు పడ్తడు. నిజం ఎంత సులువుగా, ఎంత చల్లగా చెప్తారు. విచారణ వాళ్లది, విచారం ఇతనిది. గోడ మీద బల్లి ట్యూబులైటు దగ్గర పురుగు కోసం కదలకుండా ఉంది. తానూ కదలకుండా ఉన్నాడు, కానీ తను బల్లి కాదని తెలుస్తోంది.

మేజా మీద ఫోన్ వణికింది. బోర్లా పెట్టి ఉన్న ఫోన్, చప్పుడు తీసేసిన ఫోన్, పేడపురుగులా గుర్రుమంటూ అంచు వైపు జరుగుతోంది. మార్త స్టేషన్ బయట ఎదురుచూస్తుంటుంది, రైలు వచ్చి ఎంతసేపైందో ఆమెకు తెలుసు. అద్దం మీద ఏమని వెలుగుతుందో అతనికి తెలుసు, తనే పెట్టుకున్నాడు: మార్త బిడ్డ. ఫోన్ ఆగింది. మళ్లీ జరిగింది. ఎస్సై దాన్ని తిప్పలేదు, కింద పడకుండా ఒక వేలు మాత్రం అడ్డం పెట్టాడు. వేలి కింద బిడ్డ పేరు గిలగిల కొట్టుకుంటుంటే మత్తయ్య గోడనే చూశాడు. తిప్పకు దేవా, తిప్పకు. ఏ దేవుడనేది ఆ క్షణంలో అతను చూసుకోలేదు, ఇద్దరిలో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు. ఆగిపోయింది. ఇక మోగలేదు. మోగనందుకు ఊపిరి పీల్చుకున్నాడు, పీల్చుకున్నందుకు సిగ్గుపడ్డాడు, మోగకపోతే బిడ్డ ఏం చేస్తోందో అని మళ్లీ ఊపిరి ఆగింది.

బయట ప్లాట్‌ఫారం మైకు గరగరమంది. ఏదో రైలు గురించి కాదు, మనిషి గురించి. తాండూరుకు చెందిన కుమారస్వామి గారు, కుమారస్వామి గారు, ఎక్కడున్నా, అంటుండగానే ఒక గూడ్సు బండి మిగతా మాటలన్నీ మింగేస్తూ పోయింది. మత్తయ్యకు చిరాకేసింది. ఇలాగేనా పిలవడం, పేరు తర్వాత ఊపిరి తీసుకోవాలి, తప్పిపోయినవాడికి తిరిగి చూసేంత జాగా ఇవ్వాలి, పైగా బండి పోయేదాకా ఆగొద్దా. ఎవడో పాపం ముసలాయన, ఏ ప్లాట్‌ఫారం మీద నిలబడి దిక్కులు చూస్తున్నాడో, ఇంట్లవాళ్లు ఎంత పరేషాన్ అవుతున్నారో. గూడ్సు పెట్టెలు ఒకటి తర్వాత ఒకటి గది గోడను ఊపుతూ పోయాయి. పోయాక మైకు మళ్లీ అంది, కుమారస్వామి గారు, మీ అమ్మాయి రచన ఎంక్వైరీ దగ్గర మీ కోసం ఎదురుచూస్తున్నది.

మత్తయ్య ఎస్సై వైపు తిరిగేసరికి ఎస్సై అప్పటికే అతని వైపు చూస్తున్నాడు. టీ గ్లాసు పెదవులకు సగం దూరంలో ఆగి ఉంది, ఎంతసేపటి నుంచి ఆగి ఉందో. మొదటి పిలుపు నుంచే అయ్యుంటుంది.

"వినపడ్డదా?" అన్నాడు ఎస్సై.

"వినపడ్డది సార్."

"మరి పలకలే. తల గూడ తిప్పలే." గ్లాసు కింద పెట్టాడు. "నీ పేరైతే తిప్పుతవు కద."

నా పేరే సార్ అనాలి. బిడ్డ ఎంత జాగ్రత్త పడింది, నలుగురూ వినే మైకని కాయితం పేర్లే ఇచ్చింది, తండ్రిది కాయితం పేరు, తనది కాయితం పేరు, రేపటి దాకా ఏ మచ్చా పడకుండా. ఆ జాగ్రత్తను తనే చెవి దాటనియ్యలేదు. ఇప్పుడైనా లే, లేచి నేనే సార్ అను. లేస్తే ఇప్పుడు లేచినట్టు ఉంటుంది, అప్పుడు లేవనట్టూ ఉంటుంది. కూర్చో. బిడ్డ విసిగి బయటికి పోతుంది, బస్సెక్కి రూముకు పోతుంది, తెల్లారి సర్టిఫికెట్లు చూపిస్తుంది, ఆ తర్వాత ఏదైనా కానీ. పో బిడ్డా. పిలవకు. నువ్వు నా దగ్గరే నేర్చుకున్నావు కదా పిలవడం, అది ఇప్పుడు మరిచిపో.

మైకు మళ్లీ గరగరమంది. ఈసారి వచ్చింది అలవాటైన గొంతు కాదు, మైకును నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్న ఒక ఆడపిల్ల గొంతు, చివర వణుకుతున్నది.

"నాయినా. మత్తయ్య నాయినా. నేను మార్తను. యాడున్నవ్?"

అతను లేవాలని అనుకోలేదు. బల్ల కిర్రుమన్నాక తెలిసింది తను నిలబడి ఉన్నాడని, కాళ్లు అప్పటికే గుమ్మం వైపు ఒక అడుగు వేశాయని. జాతరలో తల్లుల కాళ్లను ఎన్నిసార్లు చూశాడు. ఎస్సై ఆశ్చర్యపోలేదు. ఏదో లెక్క సరిపోయినట్టు తల పంకించి కానిస్టేబులుతో ఆ అమ్మాయిని ఇటు పిలువు అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా.

అప్పుడు వచ్చింది గొంతులోని ముల్లు. "ఆమెనెందుకు సార్, ఆమె ఏం చేసింది, నేనేం చేసిన, నన్నెందుకు ఆపిన్రో అది చెప్పండ్రి ముందు." గల్లీ చివరిదాకా వినపడే గొంతు అది, ఆ ఇరుకు గదిలో పట్టక గుమ్మంలోంచి ప్లాట్‌ఫారం మీదికి పొంగింది. అన్నాక భయం వేయలేదు, తేలికైంది, రొట్టెలు కొట్టే చేతులు ఎక్కడో మెచ్చుకున్నట్టు కూడా అనిపించింది. ఆ తేలిక నాలుగు అడుగుల చప్పుడు వరకే ఉంది. బయట ఎవరో పరుగెత్తుకొస్తున్నారు. తండ్రి గొంతు పట్టుకుని, దారి తప్పకుండా, సూటిగా ఈ గదికే.

"ఆ మాట గేటు కాడ అడగాల్సింది," అన్నాడు ఎస్సై. "గప్పుడు చెప్తుంటి."

మార్త గుమ్మంలో ఆగింది. ఎగపోస్తోంది. తండ్రిని చూసింది, నేల మీద విప్పి పరిచిన వైర్లను చూసింది, గ్లాసు కింద కార్డును చూసింది. సార్, మా నాయినను ఎందుకు కూసోపెట్టిన్రు అని అడిగింది, చదువుకున్నది చదువుకున్నట్టు, ఉరకకుండా, గట్టిగా మాట్లాడకుండా. ఎస్సై లేచి తన ఎదురుగా ఉన్న కుర్చీని ఆమె వైపు జరిపాడు.

"చెప్త. కూసో అమ్మా," అన్నాడు. "ముందుగాల నీ పేరేంది?"

మార్త కూర్చోలేదు. తండ్రి వైపు చూసింది, ఎండాకాలం రొట్టె మాడుతుంటే చూడకుండా తప్పించుకున్న చూపుతో. ఆమె పెదవులు విడివడ్డాయి. ఏడుస్తున్న పిల్ల నోట్లోంచి పేరు రావాలని మైకు పట్టుకుని ఎదురుచూసేటప్పుడు కదిలినట్టే, మత్తయ్య పెదవులు కూడా చప్పుడు లేకుండా ఆమెతో పాటు కదిలాయి. అవి ఏ పేరుకు కదిలాయో అతనికే తెలియలేదు.